వార్ధక్యమున రోగపడిన కుక్క: ఇంటివారు చేయదగిన పరిచర్య

బాసరనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారి యింట 12 ఏండ్లుగా మోతి యను దేశవాళి కుక్క కలదు. ఇటీవల నది చిక్కిపోయి, అన్నము సరిగా ముట్టక, రాత్రులందు పలుమాఱు లేచి నీరు త్రాగుచు, ఎన్నడును లేనిది ఇంటిలోపలనే మూత్రము విడుచుచున్నదట. నిజామాబాదునకు గొనిపోయి చూపగా పశువైద్యులు రక్తము పరీక్షించి, మూత్రపిండములు చెడినవనియు, ఈ వ్యాధి పూర్తిగా కుదురునది కాదనియు, శ్రద్ధతో చూచుకొన్నచో కొంతకాలము సుఖముగా నుండవచ్చుననియు చెప్పిరట. ఇంటి పెద్దలు మాత్రము, "ముసలిదైనది, రోగము పట్టినది. గుడిదగ్గఱ విడిచివత్తము. యాత్రికులు పెట్టిన ప్రసాదము తిని, గోదావరి నీరు త్రాగి, క్షేత్రములో ప్రాణము విడుచును. దానికిని పుణ్యమే, మనకును పుణ్యమే" యనుచున్నారట. పిల్లలు ఏడ్చుచున్నారట. "నేనేమి చేయవలెను?" అని యా సోదరి యడుగుచున్నారు.

ఇది యొక్క యింటి ప్రశ్న కాదు. కుక్కను పెంచిన ప్రతి యింటికిని ఏదో యొకనాడు ఈ దినము వచ్చును. కుక్క ఆయుర్దాయము మన ఆయుర్దాయములో చిన్న భాగము. మన కన్నులయెదుట పుట్టి, మన కన్నులయెదుటనే ముదిసిపోవును. కావున మేమీ నెల ఈ విషయమునే తీసికొనుచున్నాము. ముందుగా పుణ్యమను మాటను విచారించి, తరువాత పరిచర్యను చెప్పెదము.

బాసర జ్ఞానసరస్వతీ క్షేత్రము. వసంతపంచమినాడును ఇతర దినములందును తల్లిదండ్రులు దూరప్రాంతములనుండి పిల్లలను తెచ్చి యచట అక్షరాభ్యాసము చేయింతురు. కురుక్షేత్రయుద్ధము ముగిసిన పిమ్మట వ్యాసమహర్షి మనశ్శాంతికై గోదావరీతీరమున తపస్సు చేసి, దినమునకు మూడు పిడికిళ్ల యిసుకను నదినుండి తెచ్చి సరస్వతీ లక్ష్మీ కాళీ మూర్తులను నిలిపెనని స్థలపురాణము. ఆ వ్యాసుని పేరుననే ఊరికి బాసర యను పేరు వచ్చినదని చెప్పుదురు. అట్టి యూర కుక్కను విడుచుట పుణ్యమో కాదో తెలిసికొనుటకు వ్యాసుని భారతమునే చూడవచ్చును.

భారతమునకు మొదట నొక కుక్కయు, చివర నొక కుక్కయు కలవు. ఆదిపర్వమున దేవశుని యగు సరమ కుమారుడు జనమేజయుని యజ్ఞశాలకు పోయెను. అది హవిస్సును తాకలేదు, దానివంక చూడనైన చూడలేదు. అయినను రాజసోదరులు దానిని కొట్టి తఱిమిరి. తల్లి సరమ రాజునొద్దకు వచ్చి, తప్పు చేయని నా బిడ్డను ఏల కొట్టిరని నిలదీసి, అనుకొనని భయము మీకు కలుగునని పలికి పోయెను. 11వ శతాబ్దమున నన్నయభట్టు ఇదే గోదావరి దిగువనున్న రాజమహేంద్రవరమున భారతమును తెనిగించుచు ఈ కథను తొలి ఆశ్వాసముననే చెప్పెను.

రెండవది మహాప్రస్థానికపర్వమునందలిది. ద్రౌపదియు తమ్ములు నలువురును దారిలో ఒక్కొక్కరుగా పడిపోయిరి. ధర్మరాజు వెంట నొక కుక్క మాత్రము మిగిలెను. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి రమ్మనెను. నన్ను నమ్మి వచ్చిన ప్రాణిని విడిచి స్వర్గమునకు రాజాలనని ధర్మరాజు చెప్పెను. ఇచట నొక సంగతి గమనింపవలెను. హిమవత్పర్వతముకంటె పుణ్యభూమి యేది కలదు? "ఇది పుణ్యస్థలము, ఇచట విడిచినచో దీనికిని మేలే" యని ధర్మరాజు తనకుతాను సమాధానము చెప్పుకొనవచ్చును. ఆయన అట్లు చెప్పుకొనలేదు. స్థలము పుణ్యమైనది గనుక విడుచుట పుణ్యమగునను మాట వ్యాసునికి సమ్మతము కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

పురాణమును ప్రక్కనుంచి కన్నులకు కనబడుదానిని చెప్పెదము. ప్రతి వీథియందును కుక్కలు తమ తమ సరిహద్దులు ఏర్పఱచుకొని యుండును. క్రొత్తగా వచ్చిన ముసలికుక్కను అవి నిలువనీయవు. ఇంటికుక్కకు పోరాడుట రాదు. తఱుమగా తఱుమగా నది త్రోవ తప్పి యిల్లు వెదకుకొనుచు రోడ్డు మీదనో రైలుపట్టాల మీదనో పడును. మూత్రపిండములు చెడిన కుక్క గంటగంటకు నీరు త్రాగవలెను. దానికి ఎవరు పోయుదురు? ఇక ప్రసాదమన్న మాట. లడ్డులలో కిస్‌మిస్ పండ్లుండును, పులిహోరలో చింతపండుండును. ఈ రెండును కుక్క మూత్రపిండములకు విషప్రాయములు. ఆ సంగతి ముందు వివరించెదము.

చట్టమును గూడ తెలిసికొనుట మంచిది. 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, ఆకలిదప్పులతో బాధపడునట్లు ఏ జంతువునైనను సహేతుకమైన కారణము లేక విడిచిపెట్టుట నేరము. ఈ చట్టమునకు మూలకారకురాలు ఒక స్త్రీ యని చెప్పుటకు మాకు సంతోషము. కళాక్షేత్ర స్థాపకురాలగు రుక్మిణీదేవి అరండేలుగారు 1952లో రాజ్యసభకు నియమింపబడి, జంతువుల కొఱకు అచట బిల్లు ప్రతిపాదించిరి. దాని ఫలితముగనే ప్రభుత్వము ఈ చట్టము చేసెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమమండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు.

కావున విడిచిపెట్టుట యను మాటను ఇంతటితో విడిచి, వ్యాధి సంగతి చూతము.

ముసలితనము వేఱు, రోగము వేఱు. మూతి నెఱియుట, వినికిడి మందగించుట, నడక నెమ్మదియగుట, ఎక్కువగా నిద్రించుట, ఇవి వయసువలన వచ్చునవి. అధికముగా దప్పిగొనుట, వాంతులు, చిక్కిపోవుట, ఇవి వయసువలన వచ్చునవి కావు. "ముసలిదైనది, అంతే" యని వీనిని త్రోసిపుచ్చుటవలననే వ్యాధి ముదిరిపోవును.

మూత్రపిండములు రక్తములోని మలినములను వడగట్టి, శరీరమునకు కావలసిన నీటిని తిరిగి నిలుపును. వీనిలో లక్షలకొలది సూక్ష్మమైన జల్లెడలు కలవు. కొన్ని చెడినను తక్కినవి వాని పనిని గూడ చేయును, కనుక చాలకాలము బయటి కేమియు తెలియదు. మూడింట రెండువంతులు చెడిన తరువాతనే నీటిని నిలుపు శక్తి తగ్గి, మూత్రము పలుచనై, దప్పి హెచ్చును. నాలుగింట మూడువంతులు పోయిన తరువాత గాని రక్తపరీక్షలో క్రియాటినిను పెరిగినట్లు సాధారణముగా కనబడదు. నాలుగు దశలలో నేది నడచుచున్నదో వైద్యులు రక్తమును, మూత్రమును, రక్తపు పోటును చూచి నిర్ణయింతురు. వయసు, పిడుదులవలన వచ్చు జ్వరము, ఎలుకల మూత్రము కలిసిన నీటినుండి సోకు లెప్టోస్పైరా వ్యాధి, విషములు, తగని మందులు, ఇవి యన్నియు ఈ వ్యాధికి కారణములు కావచ్చును.

మొదటి గుఱుతు నీరే. ఉత్తర తెలంగాణమునందు వేసవియెండలు తీవ్రము గనుక కుక్క నీటిపళ్లెము ఖాళీయైనచో ఎండకే యని యనుకొందురు. కావున కొలిచి చూడవలెను. ఉదయమున సీసాతో కొలిచి రెండు లీటర్ల నీరు ఒక గిన్నెలో పోసి, అది యొక్కటే త్రాగునట్లు చూచి, మఱునాటి ఉదయమున మిగిలినదానిని కొలువుడు. మూడు దినము లట్లు చేయుడు. ఆరోగ్యముగా నున్న కుక్క దేహపు బరువు కిలో ఒక్కింటికి దినమునకు సుమారు 50, 60 మిల్లీలీటర్ల నీరు త్రాగును. కిలోకు 100 మిల్లీలీటర్లు దాటినచో వైద్యునికి చెప్పవలెను. అనగా 15 కిలోల కుక్క దినమునకు లీటరున్నర మించి త్రాగినచో ఉపేక్షింపరాదు. బరువు చూచుటకు వేఱు యంత్ర మక్కఱలేదు. మీరొకమాఱు కుక్కను ఎత్తుకొని కాటామీద నిలిచి, మఱియొకమాఱు ఒంటరిగా నిలిచి, తీసివేయుడు. పదునైదు దినముల కొకమాఱు వ్రాసియుంచుడు.

దప్పి యన్నచో మూత్రపిండవ్యాధియే యని మాత్రము తీర్మానింపకుడు. మధుమేహమునను అట్లే దప్పి కలుగును. గర్భసంచి తీయింపని ఆడకుక్క ఎదకు వచ్చిపోయిన కొన్ని వారములకు విపరీతముగా నీరు త్రాగుచు, తిండి మాని, మందకొడిగా పడియున్నచో గర్భసంచిలో చీము చేరియుండవచ్చును. చీము బయటికి వచ్చినను రావచ్చును, రాకపోయినను పోవచ్చును. అది ఒక దినము ఆలసించినను ప్రాణాపాయము. వెంటనే వైద్యునొద్దకు తీసికొనిపోవలెను.

ఒక తప్పు మాత్రము ఎవరును చేయరాదు. ఇంటిలో మూత్రము పోయుచున్నదని నీరు తగ్గించుట ప్రాణాంతకము. చెడిన మూత్రపిండములు నీటిని నిలుపలేవు గనుకనే కుక్క అంత త్రాగుచున్నది. నీరు తగ్గించినంత మాత్రమున మూత్రము తగ్గదు. రక్తము మాత్రము ఎండిపోవును. రాత్రిగూడ నీరు దాని ప్రక్కనే యుండవలెను. పడుకొనబోవుముందు నొకమాఱు, తెల్లవాఱుజామున నొకమాఱు బయటికి తీసికొనిపోయినచో ఇల్లు చాలవఱకు శుభ్రముగా నుండును. తప్పి లోపల పోసినపుడు కోపపడకుడు. అది సిగ్గుపడి మూలకు పోయి నక్కును.

ఇక ఆహారము. మూత్రపిండవ్యాధిలో పథ్యము మందుతో సమానము. 2002లో అమెరికాదేశపు పశువైద్యులు ఈ వ్యాధిగల 38 కుక్కలను రెండేండ్లవఱకు పరిశీలించిన ఫలితములు ప్రకటించిరి. భాస్వరమును మాంసకృత్తులను తగ్గించి తయారుచేసిన ఆహారమును తిన్నవి, సామాన్యాహారము తిన్నవానికంటె ఎక్కువకాలము బ్రదికినవి. వానికి విషమస్థితులును తక్కువగా వచ్చినవి. అట్టి ఆహారము దుకాణములలో దొరకును గాని వెల యెక్కువ. కొనలేనివారు వైద్యుని సలహాతో ఇంటనే కొంతవఱకు సవరించుకొనవచ్చును.

జొన్నరొట్టెకంటె తెల్లని వరియన్నములో భాస్వరము తక్కువ. కావున మెత్తగా వండిన యన్నము, ఉడికించిన గ్రుడ్డు తెల్లసొన, ఎముకలేని కోడిమాంసము కొంచెము, ఉడికిన సొరకాయ ముక్కలు, ఒక చెంచాడు నూనె, ఇవి మంచివి. పచ్చసొన, కాలేయము, ఎముకలు, ఎండుచేపలు, పాలు వీనిలో భాస్వరము హెచ్చు గనుక మానవలెను. ఉప్పు, ఊరగాయ, అప్పడములు పనికిరావు. మాంసము వండని యిండ్లలో పప్పుల పాళ్లను వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. ఇంటి వంటలో కొన్ని ధాతువులు లోపించును గనుక వైద్యులు చెప్పిన పొడియో మాత్రయో చేర్చవలసియుండును. భాస్వరమును పట్టి యుంచు మందు వ్రాసినచో దానిని అన్నముతోనే కలిపి పెట్టవలెను. వేఱుగా మ్రింగించినచో ప్రయోజనము లేదు.

తెలంగాణపు ఇండ్లలో మిగిలిన యన్నమున చారో పచ్చిపులుసో కలిపి కుక్కకు పెట్టుట అలవాటు. పచ్చిపులుసులో రెండు కీడులు కలవు. పచ్చి యుల్లిగడ్డ కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను చెఱచును, వెల్లుల్లియు నట్టిదే. ద్రాక్షలును కిస్‌మిస్ పండ్లును కుక్కల మూత్రపిండములను హఠాత్తుగా చెడగొట్టునని వైద్యులకు చాలకాలమునుండి తెలియును గాని కారణము తెలియకుండెను. 2022లో ప్రచురితమైన పరిశీలన యొకదానిలో చింతపండు తిన్న కుక్కలకును అదే హాని కలిగినట్లు వెల్లడియై, ఈ రెండింటను గల టార్టారికామ్లమే కారణమై యుండునని వైద్యులు తలచుచున్నారు. అన్ని కుక్కలకును ఒకే కొలత హానిచేయునని చెప్పరాదు. కాని మూత్రపిండములు ముందే చెడినదానికి చింతపండు చుక్కయైనను ఏల పెట్టవలెను? పులుసు కలుపకముందే దాని భాగము తీసి ప్రక్క నుంచుడు. గుడినుండి తెచ్చిన లడ్డును పులిహోరను పిల్లలు ముద్దుచేసి పెట్టకుండ చూడుడు.

క్రొత్త పథ్యమును ఒక్కదినమున మార్చరాదు. వారము పదిదినములలో కొంచెము కొంచెముగా పాతదానిలో కలుపుచు మార్చవలెను. అన్నము గోరువెచ్చగా నున్నచో వాసన తెలిసి తినును. రోజునకు రెండుమాఱులకు బదులు నాలుగుమాఱులు కొంచెము కొంచెముగా పెట్టుడు. పథ్యపుటన్నము ఎంతకును ముట్టనిచో, ఏదియు తినకుండుటకంటె విషపదార్థములు తప్ప నిష్టమైనది కొంత తినుటయే మేలు. తినకపోవుట మొండితనము కాదు. మలినములు రక్తములో చేరి కడుపులో వికారము కలుగును, నోటిలో పుండ్లు పడును, శ్వాసలో మూత్రపు వాసన వచ్చును. వికారమునకు మందులు కలవు, అడిగి వ్రాయించుకొనుడు.

మందుల విషయమున ఒక కఠినమైన హెచ్చరిక చేయవలసియున్నది. మనుష్యులకు నొప్పులకై యింట నుంచుకొను మాత్రలు కుక్కకు ఇయ్యరాదు. ఇబూప్రొఫెను, డైక్లోఫెనాకు కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండములను చంపును. పారాసిటమాలు కాలేయమును రక్తమును చెఱచును. కుంటుచున్నదనియో మూలుగుచున్నదనియో జాలితో వేసిన యొక్క మాత్ర దాని ప్రాణము తీయవచ్చును. నొప్పికి కుక్కలకు తగిన మందును వైద్యుడే యీయవలెను.

శరీరము ఎండినపుడు వైద్యులు చర్మము క్రింద సెలైను ఎక్కింతురు. తఱచుగా కావలసినచో ఇంటివారికే నేర్పుదురు. భుజములనడుమ వదులుగా నుండు చర్మము నెత్తి సూది నిలుపవలెను. ఎక్కిన నీరు ఉబ్బుగా నిలిచి కొన్ని గంటలలో ఇంకిపోవును. దానికి భయపడ నక్కఱలేదు. సూదిని ప్రతిమాఱును క్రొత్తదిగా వాడవలెను. ఎంత ఎక్కింపవలెనో వైద్యుడు చెప్పిన కొలతను దాటరాదు. చిగుళ్లు పాలిపోయినచో రక్తహీనత యనుకొనుడు, ఏలయన రక్తకణములను పుట్టించు ప్రేరకద్రవ్యము మూత్రపిండములలోనే తయారగును. కుక్క హఠాత్తుగా గోడలకు తగులుచు నడచినచో రక్తపు పోటు పెరిగి కన్నులు చెడియుండవచ్చును. ఈ రెండింటిని వెంటనే తెలుపవలెను.

పడకనుగూర్చి రెండు మాటలు. నున్నని బండలమీద ముసలికాళ్లు జాఱును. అది నడచుచోట గోనెసంచులు పఱచుడు. ఎముకలు నేలకొత్తుకొని పుండ్లు పడకుండ పాత బొంతను మడిచి వేసి, పైన గొంగడి ముక్క పఱచి, తడిసినపుడెల్ల మార్చి యెండలో ఆఱవేయుడు. లేవలేనిదానిని నాలుగైదు గంటలకొకమాఱు ప్రక్క మార్చుడు. తడిసిన తొడలను గోరువెచ్చని నీటితో కడిగి తుడిచినచో పుండ్లును ఈగలును చేరవు. వేసవిలో గాలివచ్చు నీడలోను, చలికాలమున గోడవార వెచ్చగాను ఉంచుడు.

పిల్లలకు జాగ్రత్త చెప్పవలెను. నొప్పితో నున్న కుక్క ప్రేమించు చేతినైనను కఱవవచ్చును. ఎట్టి కుక్క కఱచినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు పాఱు నీటిలో కడిగి, ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. కుక్కకు వెఱ్ఱికుక్క వ్యాధి టీకా ఏటేట వేయించి యుండవలెను. రోగము వచ్చిన పిమ్మట వేయవచ్చునో లేదో వైద్యుడే చెప్పును. స్వభావము హఠాత్తుగా మాఱి, చొంగ కార్చుచు, మ్రింగలేకున్న కుక్క నోటిలో చేయి పెట్టరాదు.

ఈ పని యంతయు ఇల్లాలి మెడకు కట్టుట న్యాయము కాదు. కుక్క యింటిల్లిపాదిది. తెల్లవాఱుజామున బయటికి త్రిప్పుట పురుషులు చేయవచ్చును. నీరు కొలిచి వ్రాయుట పదేండ్ల పిల్ల చేయగలదు. మందులు తెచ్చుట పెద్దకుమారుడు చేయును. "జాలి నీది, చాకిరియు నీదే" యని యింటివారు ఊరకున్నచో ఇల్లాలు నెల తిరుగకుండ అలసిపోవును. ఆ యలసట చివరకు ఆ మూగప్రాణిమీదనే చూపబడును. ముందుగానే పనులు పంచుకొనుడు.

వ్యయమును గూర్చియు దాపఱికము వలదు. నెలకు ఇంత వెచ్చింపగలమని వైద్యునికి మొదటనే చెప్పుటకు సిగ్గుపడకుడు. ఆ సొమ్ములో ఏది ముఖ్యమో, ఏది మానవచ్చునో వారు చెప్పుదురు. నీరు, పథ్యము, పడక, వికారమునకు మందు, వీనికి మిక్కిలి ధనము పట్టదు. సుఖము చాలవఱకు వీనియందే కలదు. కుక్క కొఱకు అప్పుల పాలగుట ధర్మము కాదు. అప్పు చేయలేదు గనుక ప్రేమ లేదని ఎవరును అనజాలరు.

ఇక చివరి మాట. దీనిని దాటిపోవుట మాకు ఇష్టముండదు గాని తప్పదు. గోడకు వ్రేలాడు క్యాలెండరులో ప్రతి రాత్రియు ఒక గుఱుతు పెట్టుడు. ఆనాడు అది తిన్నదా? తనంతట లేచినదా? పిలిచినపుడు తోక ఊపినదా? నొప్పి లేక నిద్రించినదా? అవునన్నచో మంచిదినము, కాదన్నచో చెడుదినము. రెండు వారములలో చెడుదినములు మంచిదినములను మించినచో, అది మనకొఱకు బ్రదుకుచున్నదా, తనకొఱకు బ్రదుకుచున్నదా యని యింటివారు కూర్చుండి ఆలోచింపవలెను.

అపుడు పశువైద్యులు దయామరణమును సూచింపవచ్చును. మత్తుమందును అధికముగా రక్తనాళమున నెక్కింతురు. కుక్క మొదట గాఢనిద్రపోవును, తరువాత గుండె ఆగును, బాధ తెలియదు. ఇది వైద్యుడే చేయవలెను. విషము పెట్టుట, అన్నము నీరు మానుపుట క్రౌర్యమే గాని దయ కాదు. ప్రాణము తీయుటకు మనకు అధికారము లేదని నమ్ము కుటుంబములు కలవు. వారి నమ్మకమును మేము గౌరవింతుము. కాని అట్టివారు నొప్పియు వికారమును లేకుండ మందులు చివరవఱకు ఇప్పింపవలెను. ఒంటరిగా కొట్టములో పడవేయరాదు. ఏ త్రోవయైనను ఆ సమయమున తెలిసిన చేయి యొకటి దాని తలమీద నుండవలెను.

పిల్లలకు "పాఱిపోయినది" అని చెప్పకుడు. వారు వీథులన్నియు వెదకుదురు. తరువాత నిజము తెలిసి మిమ్మును నమ్మరు. "రోగము ముదిరినది, చచ్చిపోయినది, మనము చేయదగినదంతయు చేసితిమి" యని సూటిగా చెప్పుడు. కళేబరమును గోదావరిలో వేయరాదు. ఆ నీటిలో యాత్రికులు స్నానము చేయుదురు, ఊళ్లు త్రాగును. బావికిని కాలువకును దూరముగా నాలుగడుగుల గొయ్యి త్రవ్వి పూడ్చుడు. "కుక్క పోయినందుకు ఏడ్పేమి" యని ఇరుగుపొరుగులు అన్నను పిల్లలను ఏడువనిండు, మీరును ఏడ్చుటకు సిగ్గుపడకుడు. 12 ఏండ్లు వాకిట కాపలా కాచిన ప్రాణి పోయినపుడు కన్నీరు రాకుండుటయే వింత.

బాసర సోదరికి మా సలహా యిది. జాబునుబట్టి చూడగా మోతికి ఇంకను మంచిదినములు కలవని తోచుచున్నది. రేపటి ఉదయముననే నీరు కొలువనారంభింపుడు, పులుసు మానుడు, పనులు పంచుకొనుడు, పది దినములలో వైద్యునికి మరల చూపుడు. పెద్దలతో వాదింపక, ధర్మరాజు కథను వారిచేతనే పిల్లలకు చెప్పింపుడు. కథ ముగియునప్పటికి వారి మనస్సు మెత్తబడునని మా నమ్మకము. ముసలికుక్కలను సాకిన యితర సోదరీమణులు తమ యనుభవములను వ్రాసి పంపినచో, పదిమందికి పనికివచ్చువానిని ముందు సంచికలలో ప్రకటింతుము.